వంకర కుట్టు

తల్లి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసే చెకింగ్ ఉద్యోగానికి రేపు ఆమెకు ఇంటర్వ్యూ. పక్కనే కూతురు కాగితం చూసి ప్రశ్నలడుగుతోంది.

“పన్నెండేళ్ళు ఎక్కడా పని చెయ్యలేదేం అంటే?”

“నిన్ను పెంచానని చెప్తా. అంతకంటే మొండి గుడ్డ వాళ్ళ ఫ్యాక్టరీలో ఉండదులే.”

“అమ్మా! సరే, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?”

“వాళ్ళ గేటు మీద బోర్డులో చొక్కా బొమ్మ ఉందిగా, దాని కాలరే ఎగుడుదిగుడు. అది చూసే అప్లికేషన్ పెట్టా.”

“బాబోయ్, అది అనకు. మీ బలహీనత ఏంటి?”

“వంకర కుట్టు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. విప్పేస్తా.”

“అలా కాదమ్మా. ‘అవసరానికి మించి కష్టపడతాను’ అనాలి. అందరూ అదే చెప్తారు.”

“అందరూ చెప్పేదే చెప్పడానికి నేనెందుకటా? ఏదీ, చెయ్యి ఇలా పెట్టు.”

“ఎందుకు? అయ్యో, నా కొత్త చొక్కా! చేతి అంచంతా ఊడదీశావా?”

“ఇందాకట్నుంచీ కళ్ళలో గుచ్చుకుంటోంది. కదలకు, రెండు నిమిషాల్లో సూదితో తిన్నగా కుట్టేస్తా.”

“నీకో దణ్ణం. రేపు ఆ మేనేజర్ చొక్కా మాత్రం విప్పకు!”

“తిన్నగా కుట్టి ఉంటే నేనెందుకు విప్పుతానే?”