మానిటరు లేని బల్ల దగ్గర మాస్టారు

అధ్యక్షత వహించిన ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో అప్పుడే గుసగుసలు మొదలుపెట్టిన నా స్నేహితులకు, ఈరోజుతో మన కంప్యూటర్ ల్యాబును విడిచి వెళ్తున్న మాస్టారికి, ఆయన పక్కనున్న అమ్మగారికి నమస్కారం. హాలు నిండిపోయిందని చెప్పారు. నాకు చూపు లేదు గనుక కుర్చీల కిర్రుమోతలను బట్టి నమ్ముతున్నాను. (నవ్వులు)

మాస్టారికి మనం పెట్టిన పేరు ఆయనకు తెలియదనుకుంటున్నాం గానీ, తెలుసు. రీస్టార్ట్ మాస్టారు. ప్రింటరు మొరాయించినా, నెట్ రాకపోయినా, ఒకసారి నా స్నేహితురాలు ఇంట్లో గొడవపడి ఏడుస్తూ వచ్చినా, ఆయన చెప్పింది ఒకటే: "కాసేపు అంతా ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టమ్మా." స్నేహితురాలి విషయంలో అది పనిచేసింది. ప్రింటరు సంగతి మీకు తెలుసు.

ల్యాబులో మెషీన్లన్నీ పాతబడిన ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఈడ్చుకొస్తున్నాయని, మాస్టారు రిటైరయ్యేలోగా అన్నిటికీ కొత్తది ఎక్కించాలని ప్రిన్సిపాల్ గారు నిర్ణయించారు. మన పద్ధతి ఒకటుంది కదా: కొత్తది ఏదొచ్చినా ముందు కిటికీ పక్క మెషీనులో వేస్తారు, అందరూ తలా కాసేపు వాడి చూస్తారు, ఎవరూ తిట్టకపోతే మిగతావాటిలోకి వస్తుంది. ఈసారి ఎవరూ తిట్టలేదు. రంగులు బాగున్నాయన్నారు, బొమ్మల మూలలు గుండ్రంగా ముద్దొస్తున్నాయన్నారు. నా వంతు చివర్లో వచ్చింది.

నేను కంప్యూటరును చెవులతో చదువుతాను. తెర మీద ఉన్నదాన్ని ఒక గొంతు నాకు వినిపిస్తుంది. 'నిగనిగ', 'మిలమిల' లాంటి మాటలు ఆ గొంతులోనే మొదటిసారి విని, ఒక పూటంతా మళ్ళీ మళ్ళీ పలికించుకున్నాను. కొత్త సిస్టమ్‌లో నేను రాసుకున్న కథ తెరిచాను. అది ఎంతో శ్రద్ధగా చదివింది: "కామా. కామా. ప్రశ్నార్థకం. ఫుల్‌స్టాప్." తెలుగు అక్షరం ఒక్కటీ పలకలేదు. పక్కనున్న స్నేహితురాలు, "మునుపటికన్నా చాలా నయమే, క్లుప్తంగా ఉంది" అంది. (నవ్వులు)

నేనూ నవ్వాను. కానీ మా ఇంట్లో కంప్యూటరు లేదు. పాఠాలన్నీ ఈ ల్యాబులోనే వింటాను, చివరి ఏడాది పరీక్షలు ముందున్నాయి.

"సార్, ఇది నాతో మాట్లాడటం లేదు."

"అదేంటమ్మా, అందరూ బాగుందన్నారుగా?"

"ఆ అందరిలో నేనింకా లేను సార్."

ఈసారి ఆయన రీస్టార్ట్ చెయ్యమని అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

మర్నాటి నుంచి మాస్టారు తెర ఆపేసి, మౌసు డ్రాయర్లో పడేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ మెషీను ముందు కూర్చున్నారు. తెలుగు గొంతు ఒకటి వెతికి ఎక్కించారు. "పంటినొప్పి ఉన్నట్టు పలుకుతోందమ్మా" అని తీసేసి, ఇంకోటి తెచ్చారు. ఇంట్లోనూ ఇదే సాధన అట. అమ్మగారు మొన్న ఫోనులో చెప్పారు: "కుర్చీలో కళ్ళు మూసుకుని కదలకుండా ఉంటే నిద్రపోయారనుకుని దుప్పటి కప్పానే. లోపల్నుంచి 'నా ఫైలేదీ' అని ఒక్క కేక!" (నవ్వులు)

ఇక అసలు సంగతి. ఒక మధ్యాహ్నం ల్యాబ్ అసిస్టెంట్ అన్న వచ్చి, తెర నల్లగా ఉండటం చూసి, పాడైందనుకుని, మాస్టారిని కదిలించడం ఎందుకని మెల్లగా వైర్లు పీకి మానిటరును రిపేరుకు పట్టుకుపోయాడు. మాస్టారు టైపు చేస్తూనే ఉన్నారు. పక్కనే నేనూ ఉన్నాను. కానీ మానిటరు పోయిందని చెప్పడానికి నేనా తగిన మనిషిని? (పెద్దగా నవ్వులు) అంతలో ప్రిన్సిపాల్ గారు వచ్చారు. క్షమించాలి సార్, మీ మాటలు ఉన్నవున్నట్టు చెప్పేస్తున్నాను.

"ఏంటి మాస్టారూ, గోడతో ఏం మాట్లాడుతున్నారు?"

"గోడేంటి సార్?" మాస్టారు కళ్ళు తెరిచారు కాబోలు. "అయ్యో, మానిటరేదీ! సరే, పోనివ్వండి, ఇది వినండి" అంటూ హెడ్‌ఫోన్లు ప్రిన్సిపాల్ గారి చెవులకు తగిలించారు. నా కథే, ఈసారి మాటలతో సహా.

"బాగుందే! అయితే రేపు అన్నిటికీ ఎక్కించేద్దాం."

"ఇంకా లేదు సార్. పేజీ మారగానే మూగబోతోంది. ఈ అమ్మాయి సరే అనేదాకా కొత్తది మన కాలేజీకి రానట్టే."

"మీ రిటైర్మెంట్ దగ్గరపడింది, గుర్తుందా?"

"రిటైరయ్యేది నేను సార్. పరీక్ష రాసేది తను."

ఆ గదిలో అప్పుడు ఎవరి ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ప్రిన్సిపాల్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు మాత్రం విన్నాను. (చప్పట్లు)

మొన్న ఒక పాఠం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఆగకుండా విన్నాను. "సరే సార్" అన్నాను. "హమ్మయ్య" అన్నారు. ఆ తరువాతే మిగతా మెషీన్లకు కొత్త సిస్టమ్ వచ్చింది.

నా చేతిలో కాగితం లేదని మీరు గమనించే ఉంటారు. ఈ ప్రసంగం ఆ కొత్త సిస్టమ్‌లోనే రాశాను. బల్ల మీది ల్యాప్‌టాప్ నా ఎడమ చెవిలో చదువుతోంది, నేను దాని వెనకే నడుస్తున్నాను. దానికి వీడ్కోలు బెంగ తెలియదు. నాకన్నా ముందే చివరి మాట చెప్పేసి ఊరుకుంది. నేనే... (విరామం) నేనే కాస్త వెనకబడ్డాను, మాస్టారూ. ఇంతసేపు విన్న మీకందరికీ కృతజ్ఞతలు. ఇక నేనూ ఆ మాట అనేస్తాను. సెలవు.