రెండూ ఎడమచేతులే

మీ నాన్నకి కన్ను మూతపడిందా? సుగర్ వల్లేనన్నాడా డాక్టరు? అయితే కాస్త కుదుటపడు బాబూ, ఇలా కూర్చో. నాకూ అయింది. పొద్దున్నే లేచేసరికి ఎడమ రెప్ప వాలిపోయింది. వేలితో ఎత్తి చూస్తే ప్రతిదీ రెండేసి. వీధిలో అందరూ పక్షవాతమనేశారు. డాక్టరేమో అన్నీ చూసి, "పక్షవాతం కాదయ్యా, రెప్పనెత్తి కంటిని తిప్పే నరం ఒక్కటి సుగర్ వల్ల దెబ్బతింది. సుగర్ అదుపులో పెట్టుకో, కొన్ని నెలల్లో దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాడు. నెలలంటే మాటలా? నేను కటింగ్ మాస్టర్ని. అన్నయ్య పోయాక ఆ టైలరు షాపు వదినా నేనే నెట్టుకొచ్చేవాళ్ళం. ఆవిడ కాజాలు కుట్టేది, కత్తెర జోలికి వచ్చేది కాదు. ఆ, మా వదిన. పోయి చాన్నాళ్ళయింది, నువ్వు చూసుండవు. మనిషి ఇంతే ఉండేది, నోరు మాత్రం... సరే, అదలా ఉంచు.

ఒంటికన్నుతోనే ప్లీడరుగారి కోటు కత్తిరించాను. నల్లబట్ట. మంచివైపేదో తిరగవైపేదో రెండు కళ్ళున్నవాడికే తెలిసి చావదు. బట్ట కురచై మడతపెట్టడం కుదరలేదు, చేతులు ఒక్కొక్కటే కత్తిరించాల్సొచ్చింది. రెండోదానికి నమూనా తిరగేసి పెట్టుకోవాలి కదా. పెట్టుకున్నాననే అనుకున్నా. తీరా జతచేసే వేళకి చూస్తే రెండూ ఎడమచేతులే. ట్రయల్‌కని వచ్చిన ప్లీడరు ఇంతెత్తున లేచాడు. "ఏమయ్యా, నాకు కుడిచెయ్యి లేదనుకున్నారా?" నేను నోరు తెరిచేలోపే వదిన, "కత్తిరించింది నేనండీ, మరిదికి ఒంట్లో బాలేదని నేనే చెయ్యిపెట్టాను" అంది. ఆయన దులిపేశాడు. ఒకరి చేత మాట పడే మనిషి కాదు, తలొంచుకుని నించుంది. నా చెయ్యి పాడైందని ఊరంతా తెలిస్తే ఇంక నాకు బట్ట ఎవరిస్తారు, చెప్పు?

ఆ సాయంత్రమే అలాంటి బట్టే కొనుక్కొచ్చి నా బల్లమీద పరిచింది. తిరగవైపంతా సుద్దతో గీతలు కొట్టింది, నాకు తెలియాలని. "నావల్ల కాదు వదినా, ఇంకెవర్నన్నా పెట్టుకో" అన్నాను. కత్తెర నా చేతికిచ్చి, "బట్ట చెడితే ఇంకోటి తెస్తాను. నువ్వు భయపడి మానేస్తే ఇంకో మరిదిని ఎక్కణ్ణుంచి తేను?" అంది. ఆ సుద్దగీతలు చూసుకుంటూ కత్తిరించాను. తర్వాత కొన్నాళ్ళకి కన్నూ తెరుచుకుందిలే, డాక్టరు చెప్పినట్టే. కానీ ఆవేళ ఆవిడ అలా నించోకపోతే నేనీ పనిలో ఉండేవాణ్ణి కాదు, నా పిల్లలు చదువుకునేవాళ్ళూ కాదు. ఆ రుణం నాదే, తీరేది కాదు.

కోటు ప్లీడరుకి అతికినట్టు సరిపోయింది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఈసారి బాగా కత్తిరించావమ్మా" అన్నాడు. "ఈసారి మా మరిది కత్తిరించాడండీ" అంది వదిన. అంటూ నా వంక...

ఊఁ. మీ నాన్నకి మందులు వేళకి ఇస్తున్నారా?