తాత చేతి చెంచా

హలో… ఆ, నేనేనమ్మా, మామయ్యని. నీ కూతురు ఒళ్లో ఉంది, చేతికంతా మెతుకులు. అందుకే ఎత్తడం ఆలస్యమైంది…

తింటోంది… ఆ, గుమ్మడికాయ, పాలకూర మెదిపి పెట్టి వెళ్లావు కదా, అదే. సగం అయింది.

ఏంటమ్మాయ్, మెషిన్ల చప్పుడు వినపడ్డం లేదు. బయటికొచ్చావా?…

మేనేజరు గది ముందా. దేనికి?…

మళ్లీ చెప్పు… ఉద్యోగం మానేస్తావా?

మొన్నేగా కుట్టు మెషిన్ మీంచి లేపి, కటింగు సెక్షన్‌కి నిన్ను పెద్దని చేశారు. ఎంత ఎదురుచూశావు దానికోసం…

ఊఁ… ఊఁ…

రాత్రి నీ చేత్తో పెడితే ఉమ్మేసింది. చూశాను… ఆదివారమూ అంతే. చూశాను…

లేదు, లేదు. నువ్వంటే పడకపోవడమేంటి? గుమ్మంలో నీ చెప్పుల చప్పుడు వింటే నా ఒళ్లో నిలవదు…

నా చేత్తో అయితే తింటుంది, నిజమే… నా చేతిలో ఏముందమ్మా…

ఉండు. ఆ తలుపు కొట్టకు. పక్కకొచ్చి మెట్ల మీద కూర్చో… కూర్చున్నావా?

చక్కెర.

చక్కెరే… నీ కూతురి గిన్నెలో. నేనే వేస్తున్నాను…

రోజూనే. నువ్వటు వెళ్లగానే… కూరగాయల్లో, అన్నంలో… నీళ్లలో కూడా. అవును, నీళ్లలో కూడా.

డాక్టరమ్మ చెప్పింది, విన్నాను. ఇప్పుడు నాలిక్కి ఏది అలవాటైతే పెద్దయ్యాక దాని మీదకే మనసు పోతుందని… పక్కనే ఉన్నాగా. తల కూడా ఊపాను.

ఎందుకంటే… ఏం చెప్పను. మొదటి రోజు నువ్వు చేసింది రుచి చూశాను. చప్పగా ఉంది. బతుకంతా టీ కొట్టు నడిపినవాణ్ణి. చక్కెర లేని గ్లాసు ఎవరి చేతికిచ్చినా మొహాన కొట్టేవాళ్లు. చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయింది…

ఆ, అది మొదటి రోజు. రెండో రోజు చెయ్యి కాదు, నేనే. లొట్టలేసుకుంటూ తిని, నావంక చూసి నవ్వింది… ఆ నవ్వుకి ఆశపడ్డాను.

తెలుసు… పాలిచ్చినన్నాళ్లూ నీకు పడని ఆకుకూరలన్నీ ముక్కు మూసుకుని తిన్నావు. తల్లి తిన్న రుచి పాలలోకి దిగుతుందని, పిల్ల రేపు పేచీ పెట్టదని… ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణే. అదంతా నేనొక చెంచాతో చెడగొట్టాను.

రాత్రి నువ్వేడుస్తుంటే కూడా నోరిప్పలేదు. అటు తిరిగి పడుకున్నాను. అది… అది నాకు మింగుడుపడ్డం లేదమ్మా.

…

ఉన్నావా?

మామయ్యా అని పిలవబుద్ధి కాకపోతే మానెయ్. ఉద్యోగం మాత్రం మానకు. నీ పిల్లకి నువ్వు పడకపోవడం కాదు. నీ గిన్నెలో చక్కెర లేదు, అంతే…

మా అబ్బాయికి నేనే చెప్తాను. నువ్వు చెప్తే మధ్యలో నన్ను వెనకేసుకొస్తావు…

డబ్బా ఇంట్లోంచి తీసేస్తాను. నా టీలోకీ వద్దు… ఉంచుకోమంటావేంటి, నన్ను నమ్మడానికి లేదు.

ఇప్పుడా?… ఇందులో కలిపేశాను… ఆ, పొయ్యి మీద కలపనిది కొంచెం ఉంది. అదే పెడతాను. నువ్వు విను…

పెట్టాను… మూతి ముడిచింది. ఎవరు నువ్వు అన్నట్టు చూస్తోంది నన్ను…

ఉమ్మేసింది. నా చొక్కా మీదే… ఏడుపు వినపడుతోందా?… ఆ, పిల్లదే. నేనెందుకేడుస్తాను…

గుర్తుంది. విసుక్కోకుండా మళ్లీ మళ్లీ పెడుతుంటేనే అలవాటవుతుందంది డాక్టరమ్మ. పెడతాను. ఎన్ని రోజులైనా పెడతాను…

నీ చేత్తోనూ ఇదే పెట్టు రాత్రికి. ఇద్దరి మొహానా ఉమ్మనీ…

నవ్వుతున్నావా?… కాదా. సరే, ఏడువు. ఏడ్చి మొహం కడుక్కో.

రెండు చేతులూ కావాలమ్మాయ్, ఫోను కింద పెడుతున్నాను. నువ్వు లోపలికి పో… ఆ గదివైపు కాదు. మెషిన్ల వైపు.