సంతకం కింద చుక్క

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా పార్టీ పెద్దాయనకు, వేదిక మీది నాయకులకు, ముందు వరుసలో నా భార్యకు, ఆమె పక్కన కూర్చున్న వియ్యాలవారికి, వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు, అందరికీ నమస్కారం. తలుపు దగ్గరివాళ్ళు లోపలికి రండి, కుర్చీలున్నాయి. నేను మైకు పట్టుకోగానే బయటికి దారి వెతుక్కోవడం మీకు అలవాటేగాని, ఈ ఒక్కరోజుకు ఓపిక పట్టండి. (నవ్వులు)

అధ్యక్షులవారు ఇందాక నన్ను భయమెరగని మనిషి అన్నారు. ఆయన అలా పొగుడుతున్నంతసేపూ నేను కూడా ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి ఓట్లడగడానికి బయల్దేరినప్పుడు కూడా ఇలాగే భయపడ్డాను. అప్పటికి నాది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పంక్చరు వేస్తున్నంతసేపూ ఓటు అడిగేవాణ్ణి. చక్రం నా చేతిలో ఉండేది కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవారు. (నవ్వులు) అలా మొదలై అయిదుసార్లు నన్ను శాసనసభకు పంపారు. ఈ సాయంత్రం అయిదింటికి నా పదవి అయిపోతుంది. ఇక హాయిగా కూర్చోమని మీరంతా కలిసి ఈ పడక కుర్చీ ఇచ్చారు. చాలా మంచి కుర్చీ. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

మీలో చాలామంది ఇళ్ళలో నా సిఫార్సు ఉత్తరాలు ఉండే ఉంటాయి. అడిగినవాళ్ళకు లేదనకుండా రాసిచ్చాను, ‘ఈ పని వెంటనే చేయగలరు’ అని కింద సంతకం పెట్టి. ఆ సంతకం కింద చిన్న చుక్క ఉంటే చేయమని అర్థం. చుక్క లేకపోతే పక్కన పడేయమని. అది నాకూ ఆఫీసర్లకూ తెలుసు, అదిగో తల వంచుకు కూర్చున్న మా పీఏకూ తెలుసు. మీకు తెలియదు. (నవ్వులు) నవ్వకండి, దయచేసి.

పోయిన వేసవిలో వంతెనల ఇంజనీరుగారు మా ఇంటికి వచ్చారు. ఆ వెనక వరుసలో ఉన్నారు, నేనే రమ్మన్నాను. “ఏటి వంతెన మూడో స్తంభం కింద నేల కొట్టుకుపోయిందండీ. పునాదికింద చెయ్యి పెడితే భుజం దాకా పోతోంది. మూసేయాలి, బాగుచేయడానికి ఏడాది పడుతుంది,” అన్నారు. అప్పటికి ఎన్నికలు నాలుగు నెలలున్నాయి. నేను నిలబడకపోయినా నా పార్టీ నిలబడుతోంది. అటు మార్కెట్టు, ఇటు ఆస్పత్రి, మధ్య దారి మూస్తే రెండు గట్లవాళ్ళూ మమ్మల్ని ఉతికి ఆరేస్తారు. అధ్యక్షులవారిని అడిగితే తర్వాత చూద్దాం అన్నారు. ఆయన మీదికి తోసేయను. కలం నాది. వంతెన మూయాలని ఇంజనీరుగారు రాసి తెచ్చిన ఉత్తరం మీద సంతకం పెట్టాను. చుక్క పెట్టలేదు. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళారు, పది రోజుల్లో బదిలీ అయ్యారు.

(సభలో గుసగుసలు)

అప్పట్నుంచీ నేను ప్రతి సభకూ గంట ఆలస్యంగా వస్తున్నాను. వయసు మీదపడింది అని మీరు వేళాకోళం చేస్తే ఔనన్నాను. నిజానికి పాత రోడ్డున చుట్టూ తిరిగి వస్తున్నాను. మా మనవరాలి బడి బస్సును కూడా అటే మళ్ళించాను. మీ పిల్లల బస్సులు మాత్రం ఆ వంతెన మీదే పోతున్నాయి.

నిన్న పొద్దున మా ఆవిడ, పాప బస్సు అంత చుట్టు ఎందుకు తిరుగుతోందని అడిగింది. చెప్పాను. చేతిలో గ్లాసు కింద పెట్టి, “మన పాప ఒక్కతే పిల్లా? రేపు సభలో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?” అంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ముగించమని. ముగిస్తానండి.

మూడు రోజులుగా వాన పడుతూనే ఉంది. ఈ రేకుల మీద చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఆ మూడో స్తంభమే గుర్తొస్తోంది. కేసు పెడతారని భయం, పార్టీ వెలేస్తుందని భయం, మీ కళ్ళలోకి చూడాలన్నా భయమే. వాటన్నిటికంటే, ఇంట్లో ఫోను మోగితే ఎక్కువ భయం. నాలుగు నెలలుగా ప్రతి ఫోనూ వంతెన కూలిందని చెప్పడానికేనేమో అనుకుంటూ ఎత్తుతున్నాను.

పీఏ గారూ, ఆఫీసు నుంచి తెప్పించిన ఇంజనీరుగారి ఉత్తరం ఇలా తెండి. అధ్యక్షులవారి వైపు చూడకండి, అయిదు దాకా మీరు నా దగ్గరే కదా పనిచేసేది.

“పెన్ను కూడా తెచ్చానండీ.”

మంచిది. (కాగితం మీదికి వంగి) ఇదిగో, చుక్క పెట్టాను. అందరూ చూశారు కదా. ఇంజనీరుగారూ, మీరూ చూశారు కదండీ. మన్నించమని అడిగే ముఖం నాకు లేదు.

అయినా ఈ కాగితం ఆఫీసు చేరేసరికి రేపవుతుంది, వంతెనకు అడ్డం కట్టేసరికి ఎల్లుండి. ఈ సభ అవగానే మీలో సగంమంది ఇళ్ళకు పోయే దారి అదే. అందుకని ఆ పడక కుర్చీని వంతెన మొగదల వేయించుకుని, అడ్డం కట్టేదాకా నేను అందులోనే కూర్చుంటాను. దాటాలనుకున్నవాళ్ళు నన్ను లేపి దాటాలి. అటు చివర తను కూర్చుంటానని మా ఆవిడ ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుంది.

ఇన్నేళ్ళు నమ్మినందుకు కృతజ్ఞుణ్ణి. కుర్చీ మోయడానికి ఇద్దరు రండి. మిగతావాళ్ళు పాత రోడ్డున, చుట్టూ తిరిగి, జాగ్రత్తగా ఇళ్ళకు చేరండి. ఇక నాకు సెలవిప్పించండి.