నడుమ బిగించిన ఇరుసు

బిర్కత్ అల్ అవామిర్ వలస కార్మికుల క్యాంపులో ఒక వెల్డరు, కార్లు మోసే ట్రైలర్‌ను తన చేతులతో తయారుచేశానని బావతో మురిసిపోతూ చెబుతున్నాడు. బావ లారీ డ్రైవరు.

“ఇరుసు ఏడ బిగించినవ్‌రా?”

“సక్కగ నడుమ, బావా. మా నాయిన ఎడ్లబండికి గట్లనే బిగిస్తుండె. ఎడ్ల మెడ మీద బరువు పడొద్దు గద!”

“గుంజే పికప్పుకు మెడ నొప్పొస్తదారా? కొంత బరువు దాని మీద పడాల్నే. లేకుంటే స్పీడ్ల ట్రైలర్ అటిటు ఊగి, గుంజే బండినే బోర్లేస్తది. ఏడుందది?”

“మా తమ్ముడు కారెక్కిచ్చుకొని అల్ రువైస్ పోయిండు. ఇప్పుడు హైవే మీదుంటడు.”

“ఫోన్ చెయ్యి! మెల్లగ పొమ్మను!”

అతను నంబరు నొక్కాడు. మోగకముందే కట్ చేశాడు.

“ఏమైందిరా?”

“నా ఫోనంటే వాడు ఎంత స్పీడ్ల ఉన్నా, స్టీరింగ్ మీది చెయ్యి తీసి ఎత్తుతడు బావా.”