ఒక్క చాక్లెట్ ధర

మధ్యాహ్నం దుకాణంలో జనం పలచబడ్డాక, బట్టలు కుట్టే పెద్దావిడ లోపలికి వచ్చి, అద్దాల వెనక చాక్లెట్ల ధరలు ఒక్కొక్కటే చదివింది.

"ఇది ఒక్కటీ ఎనభయ్యా అమ్మాయ్? ఆ డబ్బుతో ఇంట్లో ఎనిమిది చేస్తాను."

"మీకు చేయడం వచ్చా అమ్మా?" అంది దుకాణం అమ్మాయి.

"మా అక్కా నేనూ చేసేవాళ్ళం. ఆవిడ కరిగించేది, నేను ఉండలు చుట్టేదాన్ని. ఒక్క విడతకి ముప్పై వచ్చేవి. రెండు రోజుల్లో డబ్బా ఖాళీ."

"మరి అంత చవగ్గా వస్తుంటే కొనడం దేనికి?"



"అక్క పోయాక, కిందటి నెల ఒక్కదాన్నే ఆ ముప్పైా చేశాను. మూడు తిన్నాను. మిగతావి బూజు పడితే పారేశాను. తిన్నది ఒక్కోటి నూరు పడ్డట్టేగా."

"తక్కువ చేసుకోవచ్చుగా అమ్మా?"

"చేసుకోవచ్చు. చేతికి ఆ కొలత రావట్లేదు."

అమ్మాయి ఒక చాక్లెట్ తీసి కాగితంలో పెట్టింది. "కట్టి ఇవ్వనా?"

"వద్దమ్మా, ఇక్కడే తింటాను. నువ్వు నీ పని చేసుకో. అలా ఎదురుగా ఉంటే చాలు."