ఇల్లుబండి ముందు రేకు

తాడేపల్లిగూడెంలో విశ్వాసం టింకరింగ్ షెడ్డు. ముందు రేకు కోసేసిన పాత ఇల్లుబండిలో, అంటే పరుపూ పొయ్యీ అమర్చిన వ్యానులో, స్టీరింగు దగ్గర ఆనంద్ పాల్ గారు, పక్క సీట్లో ఆయన భార్య ఎలిజబెత్ గారు కూర్చుని ఉన్నారు. తలుపులకి బయటినుంచి ఇనుప పట్టీలు బిగించి ఉన్నాయి. మనవరాలికి పిల్ల పుట్టిన వయసులో, ఈ మొగుడూ పెళ్ళాలకి ఈమధ్య మాటల్లేవు.

"కదలకండి పిన్నిగారూ! మీరు కదిలితే గుమ్మం కదులుద్దండి."

"కదల్లేదు నాయనా విశ్వాసం. నడుము సర్దుకున్నానంతే. ఆ తలుపు ఒక్కసారి తీశావంటే కాళ్ళు సాగదీసుకుని మళ్ళీ ఎక్కుతాను."

"తీస్తే ఇంకేమన్నా ఉందాండీ! పాత రేకు కోసేశాక బండికి మొహం లేదు. ఇప్పుడు పట్టీలు ఊడదీస్తే బాడీ విచ్చుకుపోద్దండి. ఇక మీ జన్మలో తలుపు పట్టదు. కొత్త రేకుకి వెల్డింగు టాకాలు పడేదాకా ఓర్చుకోవాలండీ."

"పట్టీలు వేశావు, బాగానే ఉంది. మధ్యలో మేమెందుకయ్యా?"

"బరువుకండీ. ఇది రేకు మీదే నిలబడే బండి కదా. ఖాళీగా ఉండగా వెల్డింగు పెడితే, రేపు మీరెక్కి కూర్చోగానే తలుపులు బిగుసుకుపోతాయి. ఎప్పుడూ కూర్చునేవాళ్ళు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటే బండి తన వాటంలో ఉంటదండి. మా నాన్న అలాగే చేసేవాడు."

"ఇసక బస్తాలు పెట్టుకోవచ్చుగా."

"బస్తా అయితే నయమే విశ్వాసం. దానికి నోరుండదు."

"చూశావా నాయనా? ఇన్నేళ్ళూ నన్ను బస్తా కిందే ఎక్కించుకున్నారేమో, ఆయన్నే అడుగు."

"అడగటమేంటండీ, పక్కనే ఉన్నారుగా! మోచెయ్యి మోచెయ్యి తగులుతోంది. మధ్యలో నేనెందుకండీ?"

"నా పక్కన కూర్చుని ఇక నోరెత్తకు అన్నారు. ఎత్తటం లేదు. భర్తకి లోబడి ఉండమని చర్చిలో అయ్యగారు కూడా ప్రసంగంలో చెప్తూనే ఉంటారు."

"లోబడటం! నువ్వే తీర్పు చెప్పు విశ్వాసం. మిషనాసుపత్రి దొరసాని గారు ఈ బండి నాకిచ్చి వాళ్ళ దేశం వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ, ఈవిడ ఎక్కి కూర్చుందంటే ఆపదు. అదిగో గేదెలు. అదిగో మలుపు. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు, దారివ్వండి. భీమడోలు గేటు వస్తోంది. ఆ సందులోనే మా మేనత్త కూతురికి సంబంధం చూశారు, అబ్బాయికి మెల్లకన్ను, అదిగో స్పీడు బ్రేకరు. డ్రైవర్ని నేనా, ఆవిడా?"

"మెల్లకన్ను నిజమే నాయనా. అయినా మంచోడు. నలుగురు పిల్లలు."

"బండి గుద్దుకున్న రోజు విసుగు పుట్టి, ఇక నోరెత్తకు అన్నాను. ఊరుకుంది. చెరువు గట్టు మీద హాయిగా పోతున్నాం. ఖాళీ రోడ్డు. చీమ కూడా లేదు. ఉన్నట్టుండి స్టీరింగు పట్టుకుని లాగేసింది! పోయి చేపల మేత గోదాం గోడకి గుద్దుకున్నాం. బండి మొహం లోపలికొచ్చేసింది."

"నిజమేనాండీ పిన్నిగారూ? ఖాళీ రోడ్డు మీద లాగేశారా?"

"లాగాను. లాగలేదని ఎవరితోనైనా అన్నానా?"

"ఎందుకండీ?"

"నీ పని చూసుకో నాయనా. మా మీద కప్పిన ఈ గోనె సరిగ్గా తడిపావా? నిప్పురవ్వ పడిందంటే ఇది నా క్రిస్మస్ చీర."

"రేకు ఎత్తుతున్నానండి. కోయంబత్తూరు నుంచి తెప్పించిన సరుకు, ఎలా మెరుస్తుందో చూడండి. బాబాయిగారూ, మీ వైపు అంచు కలిసిందాండీ?"

"కలిసింది. అచ్చు గుద్దినట్టుంది."

"ఎక్కడ కలిసిందండీ? పిడికిలి పట్టేంత సందుంది! పిన్నిగారూ, మీ వైపో?"

"ఉండు, వేలు పెట్టి చూడనీ. ఆఁ, చిటికెన వేలు దూరుతోంది."

"వేలు పెట్టకండి, తెగుద్ది! కంటితో చూసి చెబితే చాలండి."

"నాకు వేలు పెడితేనే తృప్తి నాయనా."

"సరే లెండి. ఆదివారానికి కావాలన్నారు, ఏంటండీ అంత తొందర?"

"మా మనవరాలు ప్రసన్నకుమారి చింతలపూడిలో పురుడు పోసుకుంది విశ్వాసం. ఆడపిల్ల. ఆదివారం తల్లినీ పిల్లనీ కైకలూరు తీసుకురావాలి. నేనే వెళ్ళి తెస్తాను."

"కారు మాట్లాడమని మా కోడలి చేత చెప్పించాను నాయనా. ఆయన వింటేనా?"

"కారులో బాలింతని ముడుచుకుని కూర్చోమంటుందా? ఇందులో పరుపుంది, నీళ్ళ తొట్టి ఉంది, పొయ్యి ఉంది. దొరసాని గారు కొల్లేటి లంకల్లోంచి జ్వరాలవాళ్ళని ఇందులోనే కదా ఆసుపత్రికి చేర్చింది. నడిపింది నేను కాదా? ఒక్కళ్ళకైనా చిన్న దెబ్బ తగిలిందా?"

"అప్పటి మాట వేరని చెప్పు."

"ఏం వేరు? ఏం వేరో చెప్పమను."

"అయ్యో! కరెంటు పోయిందండి."

"ఏమైంది విశ్వాసం?"

"రేకు నాలుగు టాకాల మీద వేలాడుతోంది బాబాయిగారూ. జనరేటరులో డీజిలు అయిపోయింది. బంకు దాకా వెళ్ళొస్తాను."

"ఒరే నాయనా, తలుపు తీసి వెళ్ళవయ్యా! ఊపిరాడటం లేదు."

"ఇప్పుడసలు తియ్యకూడదండీ. తలుపు మీద చెయ్యి కూడా వెయ్యకండి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఉండండి, ఇట్టే వచ్చేస్తాను."

"వెళ్ళాడా వాడు? నిన్నే. వెళ్ళాడా? తల ఊపావా ఏంటి? ఊపితే సరిపోదు ఎలిజబెత్, నోటితో చెప్పు. సరే, మానెయ్. అబ్బ, ఉక్క. అటు కదుల్దామంటే ఇనుము, ఇటు కదుల్దామంటే నువ్వు. చూడు, ఆదివారం మాత్రం నాతో ఇలా ఉండకు. ప్రసన్న వెనక పడుకుంటుంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని నువ్వు ఇదే సీట్లో కూర్చో. నేను నెమ్మదిగా..."

"కూర్చోను."

"ఏంటి?"

"ఆ పసిగుడ్డుని పట్టుకుని మీ పక్కన కూర్చోను. చంపినా కూర్చోనండీ."

"ఓహో, మాటొచ్చిందే! నేనేం చేశానని? ఖాళీ రోడ్డు మీద స్టీరింగు లాగింది నువ్వు..."

"ఖాళీ రోడ్డు కాదండీ. పిల్ల ఉంది."

"ఏ పిల్ల?"

"ఎవరో తల్లి కన్నపిల్ల. నెత్తిన తట్టతో రొయ్యల షెడ్డుకి పనికెళ్తోందట. గోడకి గుద్దుకున్నాక మీరు స్టీరింగు మీద సోలిపోయి ఉన్నారు. అది నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడి ఒకటే ఏడుపు. జనం పోగవకముందే వెళ్ళిపో తల్లీ అని నేనే పంపేశాను. మీరు తేరుకునేసరికి ఎవరూ లేరు."

"దెబ్బ... దానికి దెబ్బ తగిలిందా?"

"లేదు. దేవుడికి స్తోత్రం, గీత కూడా పడలేదని అదే చెప్పింది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"చెబితే మీరు తిండి మానేసి కూర్చుంటారని. నాకు పిచ్చి పట్టిందని మీరు ఊరంతా చెప్పుకొస్తే, చర్చిలో ఆడవాళ్ళు నా వెనక గుసగుసలాడుతుంటే, ఊరుకున్నాను. మీకు చూపు మందగించిందని నాకు తెలీదనుకున్నారా? శీలావతి చేప ముళ్ళు ఏరి మీ కంచంలో పెడుతుంటే ముద్దు చేస్తున్నాననుకున్నారా?"

"నీకు తెలుసని నాకు తెలుసు."

"ఏంటీ?"

"ఏలూరు పనుందని వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. కంటి నరం పోయింది, ఇక చూపు రాదన్నాడు డాక్టరు. చెబితే బండి తాళం దాచేస్తావని చెప్పలేదు. తాళం లేకపోతే నేనెవర్ని, ఎలిజబెత్? అరుగు మీద కూర్చునే ముసలాణ్ణి."

"బొత్తిగా కనపడకుండానే నడిపారా? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని?"

"నువ్వు పక్కన ఉన్నావు కాబట్టే నడిపాను. అదిగో గేదె, ఇదిగో మలుపు అని నువ్వు చెప్తుంటే, పైకి విసుక్కునేవాణ్ణి గానీ చెవులన్నీ నీ మీదే. ఆ రోజు ఏదో కోపంలో నోరెత్తకన్నాను. తప్పు నాదే. మళ్ళీ చెప్పు ఎలిజబెత్. ఈ ఒక్కసారికి. ప్రసన్న కూతుర్ని నా బండిలో నేను ఇంటికి తెచ్చుకోవాలి. నువ్వు దారంతా చెప్పు, నేను నడుపుతాను."

"అయ్యో... ఏం చెప్పమంటారండీ?"

"ఎప్పుడూ చెప్పేదే. చూసింది చూసినట్టు చెప్పు."

"చూసి చాలా రోజులైందండీ. మలుపులూ, గేట్లూ, బ్రేకర్లూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి కదా అని గుర్తు మీద చెప్పుకొచ్చాను. గేదెల్ని మువ్వల చప్పుడు విని చెప్పేదాన్ని. ఆ పిల్లని నేను చూసి లాగలేదండీ, దాని కేక విని లాగాను. నాకూ కనపడటం లేదండీ."